దెబ్బకు లొంగినది మచ్చిక కాదు

ఇటీవల మన సంఘసభ ముగిసిన పిమ్మట, కాఫీ త్రాగుచు పెద్దలు కొందరు పిల్లల ఆటలను గూర్చి ముచ్చటించుకొనిరి. కంప్యూటరు ఆటలు పిల్లలను చెడగొట్టుచున్నవనియు, ఇండ్లలో వాటిని పూర్తిగా మాన్పించవలెననియు ఎక్కువమంది అభిప్రాయము. నేనును వారితోపాటు తల యూపితిని. ఇంటికి వచ్చిన తరువాత, నేను నిందించిన వస్తువు ఎట్టిదో నాకే తెలియదుగదా అని తోచినది. పదునాలుగేండ్ల మా మనుమని ప్రక్కన కుర్చీ వేసికొని, రెండు ఆదివారములు వాని ఆటను ఓపికతో చూచితిని. చూచిన పిదప నా అభిప్రాయము కొంత మారినది. ఆ మార్పును, దానికి కారణములను పాఠకుల యెదుట ఉంచుచున్నాను.

ఆ ఆట పేరు ‘ఆర్క్’. స్టూడియో వైల్డ్‌కార్డ్ అను అమెరికా సంస్థ దీనిని 2015లో పరీక్షార్థము విడుదల చేసి, 2017లో సంపూర్ణరూపమున వెలువరించినది. ఇది డబ్బు ఒడ్డి ఆడు జూదము కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించిన పందెపుటాటల కోవలోనికి రాదు. ఆటగాడు ఒక దీవి ఒడ్డున ఒంటరిగా కన్ను తెరచును. చేత ఏ పనిముట్టును లేదు. ఆకలి వేయును, దప్పి యగును, పగలు ఎండయు రాత్రి చలియు బాధించును. చెట్టును పిడికిటితో కొట్టి కట్టెలు కూర్చుకొనవలెను. రాయిని చెక్కి గొడ్డలి చేసికొనవలెను. నిప్పు రాజవేసి మాంసము కాల్చుకొనవలెను. గడ్డితో గుడిసె కట్టుకొనవలెను. ఇటు పొమ్మని చెప్పువారు లేరు. అడవి, కొండ, సముద్రము, ఎటైనను పోవచ్చును, ఎక్కడనైనను చావవచ్చును. అడవినిండ రాక్షసిబల్లులు, మహాగజములు, కోరపులులు తిరుగుచుండును. వాటిని లొంగదీసికొన్నవాడు బ్రదుకును, వాటిపై స్వారి చేయును, బరువులు మోయించును.

ఇందు మెచ్చదగినది లేకపోలేదు. మన పిల్లలకు అన్నము గ్యాసుపొయ్యి మీద, నీళ్లు కొళాయిలో, చలికి రగ్గు బీరువాలో సిద్ధముగ ఉండును. అవి సిద్ధముగా లేని కాలమొకటి ఉండెననియు, ఒక రాతిముక్కను పదును పెట్టుటకు మనిషి పడిన పాటు సామాన్యమైనది కాదనియు ఈ ఆట వానికి కొంత తెలియజేయుచున్నది. ఆదిమానవుని గూర్చి పాఠ్యపుస్తకము చెప్పునది పరీక్షతో మరచిపోవును. చీకటిలో నిప్పు ఆరిపోయినప్పుడు కలుగు భయము, అది తెరమీది భయమైనను, అంత త్వరగా మరపునకు రాదు.

అబద్ధములును ఉన్నవి. రాక్షసిబల్లుల యుగము 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ముగిసినది. మన మానవజాతి పుట్టి సుమారు 3 లక్షల సంవత్సరములు. ఇద్దరును ఒకరినొకరు చూచినది లేదు. ఇది కథకుల స్వేచ్ఛ యని మన్నింపవచ్చును. పురాణములలో సింగపు తలయు మనిషి మేనును చూచిన మనకు ఇది వింత కాదు. పైగా ఆ బల్లులు మనకు పరాయివియు కావు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి వద్ద దొరకిన ఎముకలకు శాస్త్రజ్ఞులు 1988లో ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు పెట్టిరి. తెలుగు పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినది. ఆ అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో నిలబెట్టబడియున్నది.

నేను మన్నింపలేని అబద్ధము మరియొకటి. దానిని మనుమని మాటలలోనే చెప్పెదను. వాడొక పెద్ద జంతువును మత్తుమందు పూసిన బాణములతో కొట్టుచుండెను. అది తూలి నేలకొరిగినది.

“చచ్చిందేమిరా?” అంటిని.

“చావలేదు తాతా, తెలివి తప్పింది. ఇప్పుడు తిండి పెడితే లేచేసరికి మనదైపోతుంది. ఇదే టేమింగ్.”

“తెలుగులో ఏమంటారు?”

వాడు కొంతసేపు ఆలోచించి, “పట్టుకోవడమా?” అనెను.

ఆ జవాబు నన్ను రెండు విధముల గ్రుచ్చినది. మాట తెలియకపోవుట ఒకటి. మాటతోపాటు దానిలోని తలపును కూడ తెలియకపోవుట రెండవది. పట్టుకొనుట వేరు, మచ్చిక చేసికొనుట వేరు. తెలుగులో మచ్చిక యనగా చనువు, ప్రేమ, అలవాటుపాటు. మాలిమి యన్నను అంతియే. మన భాషలో మృగమును స్వాధీనపరచుకొనుటకును, స్నేహము కుదుర్చుకొనుటకును మాట ఒక్కటే. ఆ మాటను కూర్చినవారు గొడ్డూ గోదలతో కలసి బ్రదికినవారు. దెబ్బకు పడినది లొంగినదగును గాని మచ్చికైనది కాదని వారికి తెలియును.

ఇది కేవలము పదముల ముచ్చట కాదు. 2025 మే 21న మన బెంగుళూరులోనే, విధానసౌధ యెదుట, కర్ణాటక ప్రభుత్వము నాలుగు కుమ్కీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు అప్పగించిన సంగతి మనలో పలువురు చూచితిరి, చదివితిరి. చిత్తూరు వైపున పంటచేలపై బడు అడవి ఏనుగులను త్రోలుటకు ఈ మచ్చిక ఏనుగులు సాయపడునని ఉద్దేశము. అడవిలో పట్టిన ఏనుగును దుంగలతో కట్టిన క్రాలులో వారముల తరబడి ఉంచుదురు. అందు బలప్రయోగము లేదని నేననను. అది కఠినమైన పనియే. అయినను ఆ దుంగలు ఏనుగును ఆపగలవు గాని మావటివానికి స్నేహితునిగా చేయజాలవు. దినదినము అదే చేయి చెరకుగడ అందించి, అదే గొంతు పలుకరించి, అదే మనిషి స్నానము చేయించినప్పుడు గాని అది మెడమీద మనిషిని ఎక్కనీయదు. తెలివి తప్పిన జంతువు నోట తిండి కుక్కినంత మాత్రమున ఏ మావటివాడును పుట్టలేదు.

ఇక చరిత్రపూర్వ కాలమునకు వత్తము. తాత తండ్రుల మాట అటుంచి, మన నేలమీద తొలుత పశువులను కాచినవారి దొడ్డి ఎట్లుండెనో చూపగల సాక్ష్యము మనకు ఉన్నది. పూర్వపు మహబూబునగరు జిల్లాలో ఉట్నూరు అను గ్రామము కలదు. ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు. అచ్చట ఒక బూడిదదిబ్బ ఉన్నది. ఇట్టి దిబ్బలు బళ్లారి, రాయచూరు, అనంతపురము ప్రాంతములందు పెక్కు కలవు. జనులు వీనిని రాక్షసుల చితాభస్మమనిరి. హంపి చెంత నింబాపురము దిబ్బను వాలిని దహనము చేసిన చోటని నేటికిని చూపుదురు. 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పురావస్తు శాస్త్రజ్ఞుడు ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. అది చితియు కాదు, అగ్నిపర్వతమును కాదు, పశువుల దొడ్డి. తాటిమ్రాకులు పాతి కట్టిన కంచె గుంతలు వరుసగా కనబడినవి. పేరుకొనిన పేడను మరల మరల కాల్చుటచే ఆ బూడిద గుట్టయైనది. ఆ పొరలలో గిట్టల ముద్రలు చెక్కుచెదరక నిలిచియున్నవి. సుమారు నాలుగున్నర వేల సంవత్సరముల నాటి గిట్టలు! మనుష్యులును పశువుల ప్రక్కనే, అదే ప్రాకారములో, కాపురముండిరని ఆల్చిన్ నిర్ణయించెను. ఆయన 1963లో దక్షిణదేశపు నవీనశిలాయుగ పశుపాలకులను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ఈ త్రవ్వకమే పునాది.

నేను వారిని దేవతలుగా చేయదలచలేదు. వారు పశుమాంసమును తినిరి. కె. పద్దయ్యగారు యాదగిరి జిల్లాలోని బుదిహాళులో జరిపిన త్రవ్వకములలో పశువులను కోసిన చోటు బయల్పడినది. ఎద్దును మొట్టమొదట మచ్చిక చేసినవారును వీరు కారు; ఆ పని అంతకు ఎంతో పూర్వమే, బలూచిస్తానములోని మెహర్‌గఢ్ ప్రాంతమున జరిగినదని శాస్త్రజ్ఞుల మతము. అయినను ఆ బూడిద పొరలు చెప్పు సత్యమొకటి కలదు: మచ్చిక ఒక్కనాటి విజయము కాదు, తరతరముల కాపురము. ఏటేట దొడ్డి కట్టిరి, ఏటేట కాల్చిరి, మరల కట్టిరి. తాత చూచిన ఆవు దూడకు మనుమడు నీళ్లు పెట్టెను.

ఈ కాలమున దానిని పరీక్షించి చూచినవారును ఉన్నారు. 1959లో బెల్యాయెవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సైబీరియాలో నక్కలను పెంపనారంభించెను. ప్రతి తరమునందును మనిషిని చూచి బెదరని, కరవని పిల్లలను మాత్రమే ఎన్ని వాటికి సంతానము కలుగనిచ్చెను. కొన్ని తరములకే తోక యూపుచు మనిషి చేయి నాకు నక్కలు పుట్టినవి. పిదప చెవులు వ్రేలబడుట, ఒంటిపై మచ్చలు ఏర్పడుట మొదలైన మార్పులును కనబడినవి. బలమైనదానిని గాని, దెబ్బకు తాళినదానిని గాని ఆయన ఎన్నలేదు. నమ్మకము గలదానిని ఎన్నెను. ఆయన 1985లో మరణించిన తరువాత ల్యుద్మిలా త్రూత్ అను విదుషి ఆ కృషిని కొనసాగించెను. ఒక మనిషి ఆయువు చాలని పని యిది.

న్యాయముగ మాటాడవలెనన్నచో, ఈ సత్యము ఆ ఆటలోనే ఒక మూలను దాగియున్నది. మచ్చికైన జంతువులకు పిల్లలు కలుగును. పుట్టిన పిల్లకు మొదట చేతితో తినిపింపవలెను. అది నిమరుమని కోరును, వెంట నడువుమని కోరును, ఫలానా తిండి కావలెనని కోరును. పెద్ద జంతువుల పిల్లలు ఎదుగుటకు గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. ఒకనాడు తెల్లవారుజామున అయిదు గంటలకు అలారము మ్రోగినది. మనుమడు లేచి, కండ్లు నులుముకొనుచు, ఆ తెరమీది పిల్లకు మేత వేసి మరల పండుకొనెను. బడికి పోవుటకు నాలుగుసార్లు లేపినను లేవనివాడు! నాకు కోపము రావలసినది, రాలేదు. మా తాతగారు కోలారు సీమలో అదే వేళకు లేచి దొడ్డిలోనికి పోయెడివారు. ఆ లేచు గుణము వానిలో చావలేదు. అది చేరవలసిన లేగదూడయే వానికి కరవైనది.

ఇప్పుడు మన సంఘమునకు సంబంధించిన మాట. ఇట్టి ఆటయే మరియొకటి, ‘ఫార్ క్రై ప్రైమల్’ అనునది, యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి సంస్థ 2016లో వెలువరించినది. కథాకాలము క్రీ.పూ. 10,000. అందును తోడేలును, కోరపులిని మచ్చిక చేసికొనుట కలదు. మాంసపు ఎర వేసి, అది తినుచుండగా మెల్లగా చేరి చేయి వేయవలెను. ఆ కథలోని మనుష్యులు ఇంగ్లీషు మాటాడరు. కెంటకీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ బర్డ్, బ్రెన్నా బర్డ్ అను భాషాశాస్త్రజ్ఞులు, పండితులు పునర్నిర్మించిన ఆదిమ ఇండో-యూరోపియను భాషను ఆధారము చేసికొని ఆ తెగలకు భాషను కూర్చి ఇచ్చిరి. నటులు దానిని నేర్చి పలికిరి. ఏనాడో నశించిన భాషకు పండితుల ఊహలో మిగిలిన నీడను పట్టి, ఒక ఆటకొరకు ఇంత శ్రమపడిరి. 2011 జనాభా లెక్కలలో ఎనిమిది కోట్లకు పైగా మాతృభాషగా వ్రాయించుకొన్న భాష మనది. మన ఇంటి పిల్లవానికి ‘మచ్చిక’ అను మాట అందించుటకు మనము పడిన శ్రమ యెంత?

మనుమడు ‘ఫ్లింట్’ అనెను. చెకుముకిరాయి అని నేను చెప్పువరకు వానికి తెలియదు. చెప్పిన పిదప ఆ మాట వానికి ఎంతో నచ్చినది. మరునాడు వాడే ఆడుచు “చెకుముకి అయిపోయింది తాతా” అనెను. పలుపు, ముకుతాడు, పగ్గము, గాడి, కుడితి, పెయ్య, కోడె, ఇవి యేవియు వానికి తెలియవు. వానిని అననేల? మా దొడ్డి పోయి అరువదేండ్లు దాటినది. దొడ్డితోపాటు ఆ మాటలను నేనే విడిచితిని. నలుబదేండ్లు కచేరీ ఉద్యోగము చేసి, ఇంట వార్తాపత్రిక తెలుగు తప్ప మరియేమియు పిల్లలకు వినిపింపలేదు. తప్పు ఆటది కాదు.

ఈ మాటలు మన పొరుగువారివి కూడ అని మరవరాదు. మనకు ఆవు, పాత కన్నడమునను ఆవే. మనకు ఎద్దు, వారికి ఎత్తు. మనకు మంద, వారికి మందె. దొడ్డి ఇరువురకును దొడ్డియే. బూడిదదిబ్బల పశుపాలకులు ద్రావిడభాషల మూలరూపము నొకదానిని పలికిరేమో అని కొందరు పండితులు ఊహించుచున్నారు. అది ఊహయే. కాని 1953లో బళ్లారి జిల్లాను విభజించి కొన్ని తాలూకాలు మైసూరునకును, కొన్ని ఆంధ్రమునకును చేర్చినప్పుడు దిబ్బలు రెండు వైపులను మిగిలినవి. గిట్టల జాడలకు సరిహద్దు తెలియదు. తెలుగు మాటను నిలుపుకొన్న బిడ్డకు కన్నడము ఇంకను దగ్గరగును గాని దూరము కాదు.

కావున ఆట మాన్పించుడని నేను కోరను. మూడు పనులు కోరుదును. మొదటిది, వేళ నిర్ణయించి ఆడనిచ్చి, వారమునకు ఒక గంటయైన పెద్దలు ప్రక్కన కూర్చుండుడు. వాడు చేయుచున్న పనికి తెలుగు మాట అందించుడు. తెలియనిచో ఇంటిలో ముదుసలులను అడుగుడు. రెండవది, పశువులను కాచి ఎరిగిన వృద్ధులు మనలో ఇంకను ఉన్నారు. వారి నోట ఆ మాటలను వ్రాసికొని, ఈ పత్రికలో వారమునకు పదియేసి ప్రకటించుట సంఘమునకు భారము కాదు. మూడవది, రానున్న సెలవులలో పిల్లలను బళ్లారికి తీసికొనిపోవుదము. అది ఒక రాత్రి ప్రయాణము. ఊరి చెంతనే సంగనకల్లు కొండలు. నవీనశిలాయుగ జనులు గొడ్డళ్లు చెక్కిన చోట్లు, బండలపై మూపురము గల ఎద్దుల బొమ్మలు అచ్చట కలవు. ఊరిలో ఆ వస్తువులకు ప్రదర్శనశాలయు ఉన్నది. ఆలస్యము చేయరాదు. కంకరకొరకు ఆ కొండలను కొట్టిరి. ఎరువుకొరకు బూడిదదిబ్బలను పెక్కింటిని బండ్లకెత్తిరి. తెరమీది దీవి మీట నొక్కిన మరల మొలచును. ఆ దిబ్బ మరల మొలవదు.

మా యిల్లు బసవనగుడిలో. కార్తికమున కడలెకాయి పరిషెకు ఏటేట పోవుదుము. పెద్దబసవన్నను గూర్చి ఊరివారు చెప్పుకొను కథ అందరెరిగినదే: శెనగకాయ చేలు మేయుచున్న ఎద్దును కోపించి రైతు దుడ్డుకర్రతో కొట్టెననియు, అది కదలక కూర్చుండి శిల యైనదనియు, ఊరు పశ్చాత్తాపపడి గుడి కట్టి, తొలిపంటను దానికి అర్పింప మొదలిడెననియు. ఈసారి ఆ కథను మనుమనికి చెప్పితిని. వాడు గుడిమెట్లమీద కాయలు ఒలుచుకొనుచు విని, “అయితే కొడితే మచ్చిక కాలేదన్నమాట” అనెను.

మచ్చిక అను మాట వాడు తనంతట తాను పలికినది అదియే మొదటిసారి.